పిల్లి యుబ్బసము

మనుష్యునకు ఉబ్బసము వచ్చి ఱొమ్ములో సన్నని ఈల వంటి చప్పుడు బయలుదేరినప్పుడు మనవారు దానిని పిల్లికూతలని చెప్పుచుందురు. ఆ పేరు పెట్టిన వారెవరో గాని, ఆ వ్యాధి పిల్లికే వచ్చునని తలచి యుండరు. పిల్లులలో నూటికి 1 మొదలు 5 వఱకు దీనికి లోనగునని పశువైద్యుల అంచనా. అయినను పిల్లి ఱొమ్ములోని పిల్లికూత ఇంటివారి చెవికి తఱచుగా వినబడదు. వైద్యుడు స్టెతస్కోపు పెట్టినప్పుడే అది తెలియును. కొన్నింటియందు అప్పుడును తెలియదు. కనుక ఈ వ్యాధిని చెవితో గాక కంటితో పట్టుకొనవలసి యున్నది. ఆ విధము నెఱిగినవారు తమ పిల్లిని చాలకాలము సుఖముగా బ్రదికించుకొనగలరు. ఎఱుగనివారి యింట అది ఒక రాత్రి హఠాత్తుగా ఊపిరాడక పోవుటయు గలదు.

పిల్లి దగ్గును చూచి అది దగ్గని గుర్తించువారు తక్కువ. సాధారణముగా జరుగునది ఇది. నడచుచున్న పిల్లి ఆగును. కాళ్లు ముడుచుకొని నేలకు అంటుకొనును. మెడను ముందునకు చాచి, అయిదాఱు మాఱులు ఱొమ్ము కదలునట్లు గరగరలాడి, ఏదియో మ్రింగినట్లు చేసి, మూతి నాకుకొని, ఏమియు జరుగనట్లు లేచిపోవును. ఇంటివారు వెండ్రుకలు అడ్డుపడినవనుకొని ఊరకుందురు. పిల్లి తన యొడలిని నాకుకొనునపుడు వెండ్రుకలు కడుపులోనికి పోవుటయు, అవి ఉండకట్టి వాంతిలో బయటపడుటయు నిజమే. కాని వాంతియందు పొట్ట పలుమాఱులు లోనికి ముడుచుకొని తుదకు ఏదో యొకటి నేలమీద పడును. ఉబ్బసపు దగ్గులో ఏమియు పడదు. పడినను రవంత నురుగు. ఈ తంతు పలుమాఱులు జరిగియు ఒక్కసారియైన వెండ్రుకల ఉండ కానరానిచో, కడుపును విడిచి ఊపిరితిత్తులను అనుమానింపవలెను. ఈ దినములలో చేతిఫోను లేని యిల్లు అరుదు గదా! ఆ దగ్గును ఫోనులో చిత్రించి వైద్యునకు చూపుట ఎంతయు మేలు. వైద్యుని బల్లమీద పిల్లి దగ్గదు. భయముచే బిగుసుకొని కూర్చుండును. మనము నోటితో ఎంత వర్ణించినను ఆ చిత్రమునకు సాటి రాదు.

ఇంకొక చిక్కున్నది. పిల్లి బాధను దాచుకొను జంతువు. ఊపిరి చాలని పిల్లి ఆటలు మానును, బీరువాలమీదికి దుముకుట మానును, మంచము క్రింద పండుకొనుట కలవాటుపడును. వయసు వచ్చి నెమ్మదించినదని మనము సంతోషింతుము. ఈ వ్యాధి తఱచుగా 4, 5 ఏండ్ల ప్రాయమున బయటపడును గనుక అట్లు భ్రమపడుటకు అవకాశము హెచ్చు. దీనికి చక్కని ఉపాయ మొకటి గలదు. కాసు ఖర్చు లేదు. పిల్లి గాఢముగా నిద్రించునపుడు గడియారము చేతబట్టి దాని ఊపిరులను లెక్కింపుడు. ఱొమ్ము ఒకసారి లేచి దిగిన ఒక ఊపిరి. గురగురలాడునపుడును, కలలో మీసములు కదలించునపుడును లెక్కింపరాదు. నిమిషమునకు 30 లోపల నుండుట ఆరోగ్యము. పలుదినములు ఆ సంఖ్య 30 దాటుచుండినచో, ఉబ్బసమో మఱి యేదో గాని, వైద్యునకు చూపవలసిన పని యున్నదన్నమాట. పాలలెక్క వ్రాసికొను కేలెండరు మీదనే ఈ లెక్కయు వ్రాసి యుంచినచో వైద్యునకు అది మిక్కిలి ఉపకరించును.

లోపల జరుగునదేమి? పీల్చిన గాలిలోని ఏదో యొక పదార్థము, దుమ్ముగాని పుప్పొడిగాని మఱొకటిగాని, ఆ పిల్లి దేహమునకు సరిపడదు. దానిపై దేహము చేయు తిరుగుబాటు వలన శ్వాసనాళముల లోపలి పొర వాచును, జిగురు ఊరును, చుట్టునున్న కండరములు బిగియును. గాలి లోనికి పోవుట కంటె వెలికి వచ్చుట కష్టమగును. అందుచేతనే వ్యాధి ముదిరిన పిల్లి ఊపిరి విడుచునప్పుడు పొట్టను నొక్కుచున్నట్లు కనబడును.

మన యిండ్లలో దీనిని రేపు వస్తువులకు కొదువ లేదు. పొగాకు పొగ, అగరువత్తులు, సాంబ్రాణి, దోమలచక్రము, తాలింపులో మాడిన మిరపకాయ, పండుగకు వేయించు సున్నము, దీపావళి మందుగుండు, ఇవన్నియు మనకే దగ్గు తెప్పించునవి. పిల్లి ముక్కు నేలకు జానెడు ఎత్తుననే యుండును గనుక ఊడ్చునప్పుడు లేచు దుమ్మంతయు దానికే చేరును. దేవుని గదిలో ధూపము వేయవలదని నేను చెప్పుట లేదు. ఆ సమయమున పిల్లిని వేఱొక గదిలో నుంచి కిటికీలు తెఱచిన చాలును. మలవిసర్జనకై తొట్టిలో పోయు మట్టి దుమ్ము లేవనిదిగా నుండవలెను. లావెక్కిన పిల్లికి ఆయాసము ఇనుమడించును గనుక ఆహారమును మితముగా పెట్టవలెను.

దగ్గిన పిల్లికెల్ల ఉబ్బసమే యని నిశ్చయింపరాదు. నత్తల మూలమున చేరు ఊపిరితిత్తుల పురుగులు, దోమకాటు వలన వచ్చు గుండెపురుగులు, న్యుమోనియా, గుండెజబ్బు, ఇవియు ఇట్టి లక్షణములనే కొంతకు కొంత చూపును. ఎక్సురే యందు శ్వాసనాళముల గోడలు దళసరియై చిన్న చిన్న ఉంగరములవలె కనబడవచ్చును. ఉబ్బసముండియు ఎక్సురే నిర్మలముగా నుండుటయు గలదు. అప్పుడు మలపరీక్షయు, కొన్నియెడల మత్తిచ్చి శ్వాసనాళములను కడిగి ఆ నీటిని సూక్ష్మదర్శినితో పరీక్షించుటయు అవసరమగును.

చికిత్సకు మూలస్తంభము స్టెరాయిడు. మొదట ప్రెడ్నిసొలోను మాత్రలుగా ఇచ్చి, పిదప ఫ్లుటికాసోను అను మందును పీల్చు విధమునకు మార్చుట నేటి పద్ధతి. మాత్రలు చిరకాలము వాడిన మధుమేహము వచ్చు భయమున్నది. పీల్చు మందు చాలవఱకు శ్వాసనాళములకే పరిమితమగును. కాని అది పూర్తిగా పనిచేయుటకు ఒకటి రెండు వారములు పట్టును. పిల్లి మనము చెప్పినపుడు ఊపిరి పీల్చదు గదా! అందుచే మందుడబ్బాకు ఒక గొట్టమును, దాని కొనకు మూతికి సరిపడు తొడుగును అమర్తురు. తొడుగు మూతిపై నుంచి 7 మొదలు 10 ఊపిరులు పీల్చువఱకు ఆగవలెను. మొదటి దినముననే బలవంతము చేసినవారికి రెండవ దినమున పిల్లి దొరకదు. కొన్ని దినములు ఖాళీ తొడుగును వాసన చూడనిచ్చి, ముట్టినప్పుడెల్ల ఒక చేపముక్క పెట్టినచో అది తనంతట మూతి చాచును.

సాల్బుటమాలు అను మఱొక పీల్చుమందు 1969 నుండి మనుష్యులకు వాడుకలో నున్నది. అది బిగిసిన కండరములను నిమిషములలో సడలించును. ఫలితము వెంటనే కనబడుటచే ఇంటివారికి దానిమీదనే మక్కువ. అయితే అది వాపును తగ్గింపదు. ఆపదలో ఆదుకొనుటకే గాని స్టెరాయిడునకు బదులుగా దినదినము వాడదగినది కాదు. అట్లే దగ్గు కనబడకున్నను లోపలి వాపు కొనసాగుచుండవచ్చును. పిల్లి కులాసాగా నున్నదని మందు మానుటయే ఈ వ్యాధిలో పెక్కు అనర్థములకు మూలము. మోతాదును తగ్గించుటయు మానుటయు వైద్యుని పని.

మన మందులపెట్టెను పిల్లికి తెఱువకుడు. పారాసిటమాలు మాత్ర ఒక్కటి చాలును పిల్లి ప్రాణము తీయుటకు. కర్పూరము, నీలగిరి తైలము పసిబిడ్డల ఱొమ్మునకు రాయు అలవాటున పిల్లికిని రాయుదురు. అది వెంటనే నాకుకొనును; ఆ రెండును దానికి విషములు.

నోరు తెఱచి రొప్పుట, చిగుళ్లు నీలివన్నెకు తిరుగుట, మోచేతులు ప్రక్కలకు చాచి కదలక కూర్చుండుట కనబడినచో గడియయైన జాగు చేయరాదు. నీరు, పాలు, మాత్ర ఏదియు నోట పోయవలదు, పెనుగులాడించి పట్టుకొనవలదు. వైద్యుడు ముందే యిచ్చిన సాల్బుటమాలు ఉన్నచో తొడుగుతో పట్టి, గాలియాడు బుట్టలో నుంచి, బయలుదేరుచునే ఆసుపత్రికి ఫోను చేసినయెడల వారు ప్రాణవాయువును సిద్ధపఱచియుందురు. ఆ బుట్టను అటకమీద దాచక, మూత తెఱచి పాతగుడ్డ పఱచి ఇంటి మూల నెప్పుడును ఉంచుడు. పిల్లి దానిలో పండుకొన నలవాటుపడియున్నచో ఆ రాత్రి దానిని తఱిమి పట్టుకొనవలసిన పని యుండదు.