క్యాన్సర్ ఆసుపత్రిలో పీహెచ్‌డీ అంటే ఏ పని?

"సిస్టరుగారూ, మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసింది. క్యాన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అయిదారేళ్ళు పడుతుందట. పంపమంటారా?" ఈ ప్రశ్న మాకు ఓ.పి. వరండాలోనూ, ఆదివారం గుడి బయటా తరచు ఎదురవుతుంది. వార్డులో వినిపించే ప్రశ్న వేరు. పెద్ద ఊళ్ళో క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకొని వచ్చినవారు అడుగుతారు: "అక్కడ ఇంకో కాగితం మీద కూడా సంతకం తీసుకున్నారమ్మా. తీసిన గడ్డలో ముక్క పరిశోధనకు వాడుకుంటామన్నారు. దాన్ని ఏం చేస్తారు?" ఆ ముక్కను అందుకొనేది చాలాసార్లు ఆ అమ్మాయి వంటి విద్యార్థే. గనుక రెండు ప్రశ్నలకూ ఇక్కడ కలిపే జవాబు రాస్తున్నాము.

ముందు ఒక పొరపాటు అభిప్రాయం తీసేద్దాం. పీహెచ్‌డీ పూర్తయితే పేరు ముందు డాక్టర్ అని వస్తుంది గాని, వారు రోగిని పరీక్షించరు, మందు రాయరు. పెళ్ళి సంబంధాల్లో ఈ తేడా తెలియక జరిగే గందరగోళం మేము చూస్తూనే ఉన్నాము! వారి పని ప్రయోగశాలలో. క్యాన్సర్ కణం ఎందుకు ఆగకుండా పెరుగుతుంది, ఒకరికి పనిచేసిన మందు మరొకరికి ఎందుకు పనిచేయదు, ఇటువంటి ఒక చిన్న ప్రశ్నను పట్టుకొని ఏళ్ళ తరబడి తవ్వడమే ఆ చదువు.

మన దేశంలో ఇందుకు పేరుపొందిన చోటు ముంబాయిలోని టాటా మెమోరియల్ సెంటర్. ఆసుపత్రి 1941లో పరేల్‌లో మొదలయింది. పరిశోధనా విభాగం 2002 నుండి నవీ ముంబాయిలోని ఖార్ఘర్‌లో యాక్‌ట్రెక్ అనే పేరుతో నడుస్తున్నది. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో మనవాళ్ళు వెళ్ళే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఈ సంస్థదే. ఖార్ఘర్‌లో పరిశోధన చేసేవారికి పీహెచ్‌డీ పట్టా ఇచ్చేది హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ అనే డీమ్డ్ విశ్వవిద్యాలయం.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన మొదటి సంగతి, ఇది మనం డబ్బు కట్టి కొనుక్కొనే సీటు కాదు. జూనియర్ రీసెర్చ్ ఫెలో, అంటే జె.ఆర్.ఎఫ్.గా చేరినవారికి నెలనెలా భత్యం ఇస్తారు. 2023 జనవరి నుండి కేంద్ర ప్రభుత్వ రేటు మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆపైన సీనియర్ ఫెలో అయితే 42,000. ఇంటి అద్దె భత్యం వేరే. దీనికి సాధారణమైన దారి సి.ఎస్.ఐ.ఆర్. నెట్ వంటి జాతీయ పరీక్ష రాసి నెగ్గడం, తరువాత సంస్థవారి ఇంటర్‌వ్యూ. దరఖాస్తు రుసుము ఉంటే ఉండవచ్చు. అంతకుమించి "సీటుకు ఇంత, గైడుగారికి ఇంత" అని మధ్యవర్తి ఎవరైనా అడిగితే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. విదేశమైనా ఇదే మాట. జర్మనీలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి, క్యాన్సర్ పరిశోధనా కేంద్రం ఒకే ప్రాంగణంలో ఉన్నవి. అటువంటి చోట్ల పీహెచ్‌డీ విద్యార్థితో ఒప్పందం రాసుకొని జీతమిస్తారు. జీతం ఎవరిస్తారు, ఎన్నేళ్ళకు ఇస్తారు అన్నది కాగితం మీద చూడకుండా టిక్కెట్టు కొనవద్దు.

అమ్మాయిల విషయంలో ఇంకొక మాట. 2022 యు.జి.సి. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్ళు. స్త్రీలకు మరో రెండేళ్ళ సడలింపు ఉన్నది, ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఉన్నది. కాబట్టి "పెళ్ళా, చదువా" అని ఇంట్లో తగవు పెట్టుకొనే ముందు ఈ కాగితం చదవండి.

పని మాత్రం తేలిక కాదు. ఆపరేషన్ థియేటర్ నుండి ముక్క రాగానే ముందు పెథాలజీవారు రోగ నిర్ధారణకు కావలసినది తీసుకుంటారు. అదే ముఖ్యం. మిగిలినది మంచులో పెట్టి ప్రయోగశాలకు పంపుతారు. కొంత మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. కణాలను బతికించి పెంచాలంటే మన ఒంటి వేడి, 37 డిగ్రీలలో ఉంచి, రెండు మూడు రోజులకొకసారి పోషక ద్రవం మార్చాలి. క్రిస్మస్ అయినా సంక్రాంతి అయినా వాటికి సెలవు లేదు. ఒక్క బూజు రేణువు పడితే నెల రోజుల పని పారబోయవలసిందే. మా నైట్ డ్యూటీ నర్సుల ఓపిక ఉన్నవారికే ఈ పని అని మాకనిపిస్తుంది.

ఇంత చేస్తే రోగికి ఏమి ఒరుగుతుంది? ఒక నిజమైన సంగతి చెబుతాము. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్ అనే విశ్వవిద్యాలయ వైద్యుడు ల్యుకేమియా కణాల స్లైడును కుళాయి నీళ్ళతో కడిగారు. కణాలు ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా కనబడ్డాయి. వాటిని చదవడానికి ఆయన వెతికి పట్టుకొన్నది డేవిడ్ హంగర్‌ఫర్డ్‌ను. అప్పటికి ఆయన క్రోమోజోముల మీద థీసిస్ చేస్తున్న విద్యార్థి. సి.ఎం.ఎల్. అనే రక్త క్యాన్సర్ ఉన్నవారి కణాల్లో ఒక క్రోమోజోము మరీ పొట్టిగా ఉన్నదని వారిద్దరూ 1960లో ప్రకటించారు. అది ఎందుకు పొట్టిదయిందో చికాగోలో జానెట్ రౌలీ అనే వైద్యురాలు 1973లో కనిపెట్టారు. భోజనాల బల్ల మీద క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి పరచుకొని చూశారావిడ. తొమ్మిదవ క్రోమోజోము, ఇరవై రెండవది ముక్కలు మార్చుకొన్నాయట. ఆ మార్పు వల్ల పుట్టే చెడ్డ ప్రోటీనును అడ్డుకొనే బిళ్ళ ఇమాటినిబ్. ఆరెగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు బ్రయాన్ డ్రకర్ దానిని రోగులపై పరీక్షించగా, 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2003లో మన హైదరాబాదు కంపెనీ నాట్కో దానిని తక్కువ ధరకు తెచ్చింది. పెద్ద పరీక్ష ఒకదానిలో ఈ బిళ్ళతో చికిత్స మొదలుపెట్టినవారిలో నూటికి 83 మంది పదేళ్ళ తరువాత కూడా బతికి ఉన్నారు.

లెక్క చూడండి. పొట్టి క్రోమోజోము నుండి బిళ్ళకు 41 ఏళ్ళు. అందుచేత ఈ రోజు ముక్క ఇచ్చిన రోగికి దాని ఫలం అందుతుందని మేము ఎవరికీ ఆశ పెట్టము. పెట్టకూడదు కూడా.

ఆశ పెట్టకూడదన్నట్టే, అడగకుండా తీసుకోకూడదు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. ఆమె గడ్డలోని ముక్కను ఆమె అనుమతి లేకుండానే పరిశోధనకు తీసుకొన్నారు. ఆ ఏడే, 31 ఏళ్ళకు, ఆమె చనిపోయింది. ఆమె కణాలు మాత్రం హీలా అనే పేరుతో ఈనాటికీ లోకమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. ఇంటివారికి ఆ సంగతి తెలిసింది ఇరవై ఏళ్ళు దాటాక. ఆ కణాలతో లాభపడిన ఒక కంపెనీ ఆమె వారసులతో రాజీ కుదుర్చుకొన్నది 2023లో.

మన దేశంలో ఇప్పుడు ఐ.సి.ఎం.ఆర్. 2017 నాటి మార్గదర్శకాలు ఉన్నవి. వాటి ప్రకారం పరిశోధనకు ముందుగా నీతి సంఘం అనుమతి కావాలి, తరువాత మీ సంతకం కావాలి. ఆ సంతకం ఆపరేషన్ సంతకంతో కలిసిపోయేది కాదు. పెట్టకపోయినా మీ చికిత్స తగ్గదు, ఆగదు. పెట్టాక మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. కాగితం మీకు వచ్చిన భాషలో ఇమ్మని అడగండి, చదువురాని పెద్దవారికి ఇంటివారు చదివి వినిపించండి. ముక్కను ఎంతకాలం దాస్తారు, దానిపై నా పేరు ఉంటుందా, నా వంశానికి సంబంధించిన విషయం ఏదైనా బయటపడితే నాకు చెబుతారా అని అడగండి. తొందరపడుతున్నట్టు అనిపిస్తే రేపు చెబుతామనండి. ఆ కాగితం ఇంటికి తెచ్చుకొన్నవారు మా నర్సింగ్ ఆఫీసుకు పట్టుకొని వస్తే, కూర్చొని వరుసగా చదివి చెబుతాము.