ఒంటికంటి జలజీవి

లింగసుగూరు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. అట్టి మెట్టసీమలలో దిగుడుబావియే పల్లెకు ప్రాణాధారము. ఆ నీటిలో నువ్వుగింజకన్న చిన్నదగు సైక్లాప్స్ అను జీవి మెలగును. ఇది రొయ్యకు దాయాది. దీనికి కన్నొక్కటే, ఆడుదానికి తోకకిరువైపుల గ్రుడ్లసంచులు వ్రేలాడును, కుదుపు కుదుపుగా నీదును.

నారికురుపు పిల్లపురుగులను ఇది మ్రింగును. రెండు వారములలో అవి దీని దేహమున ముదురును. నీటితో దీనిని త్రాగినవానికి ఏడాదికి రెండుమూరల పురుగు కాలిపుండునుండి వెలువడును. మంట తాళలేక వాడు కాలిని బావిలో ముంచగా, పురుగు మరల పిల్లలను విడుచును. ఈ మర్మమును 1870లో రష్యా శాస్త్రజ్ఞుడు ఫెడ్చెంకో కనుగొనెను.

దీనికి మందులేదు, టీకాలేదు. కర్ణాటక, ఆంధ్రప్రదేశములును పీడిత రాష్ట్రములే. నీటిని గుడ్డతో వడకట్టుట, దిగుడుబావులను మార్చుట, బోరునీరిచ్చుట - వీనిచేతనే వ్యాధి తొలగెను. 1996 తరువాత దేశమున రోగి కనబడలేదు. 2000లో ప్రపంచారోగ్యసంస్థ విముక్తిని ధ్రువపఱచెను.

సైక్లాప్స్ నేటికిని నీట నున్నది. న్యాయముగా విచారించిన నేరము దానిది గాదు, రోగిదియు గాదు. వేఱు నీరు లేనివాడు బావిలో దిగక యేమిచేయును? కుళాయినీరు త్రాగు రాజధానీవాసులు ఈ ప్రశ్నను మఱువరాదు.