పెద్ద అసెంబ్లీ త్వరగా తెరుచుకోవాలంటే

అనకాపల్లి జిల్లాలో పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ ఉన్నాయి. అలాంటి చోట వాడే రియాక్టర్లు, పైపులైన్లను క్యాడ్‌లో గీస్తే వేల విడిభాగాల అసెంబ్లీ తయారవుతుంది. అసెంబ్లీ ఫైల్లో ప్రధానంగా ఉండేది ఏ భాగం ఎక్కడ, దేనికి ఆనుకుని ఉందన్న సమాచారమే. భాగాలు వేరే ఫైళ్లలో ఉంటాయి. తెరిచిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ వాటిని వెతికి, చదివి, మెమరీలోకి తేవాలి. ఆలస్యం ఎక్కువగా అక్కడే.

అందుకే అన్నిటినీ పూర్తిగా తేకపోవడమే మొదటి ఉపాయం. సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో లైట్‌వెయిట్ పద్ధతిలో తెరిస్తే భాగాల సమాచారం కొంతే లోడవుతుంది. మిగతాది అవసరమైనప్పుడు వస్తుంది. చూడటానికి, కొలవటానికైతే అందులోనే ఉన్న లార్జ్ డిజైన్ రివ్యూ పద్ధతి చాలు. ఇన్వెంటర్ అనే మరో క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌ప్రెస్ మోడ్ ఇలాంటిదే.

అసలు బరువు చాలాసార్లు చిన్న భాగాల్లోనే ఉంటుంది. ఫ్లాంజికి బిగించే బోల్టు మీద మరను నిజంగా చెక్కినట్టు గీస్తే, చుట్టుచుట్టుకూ వంపు తిరిగిన ఉపరితలాలు పుడతాయి. అలాంటి బోల్టులు వందలుంటే ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు రెండింటి మీదా భారం పడుతుంది. మరను గుర్తుగా మాత్రమే చూపే కాస్మెటిక్ థ్రెడ్ వాడితే డ్రాయింగుకు లోటేమీ రాదు. కొనుక్కొచ్చే మోటార్లు, పంపుల మోడళ్లలో లోపలి బేరింగులు తీసేసి పైరూపం ఉంచుకుంటే చాలు. ఇంత చిన్న పనిని చాలామంది వాయిదా వేస్తూ, ముందుగా కొత్త కంప్యూటర్ కోసం చూస్తారు.

ఫైళ్లు సర్వర్‌లో కాక కంప్యూటర్‌లోని ఎస్ఎస్‌డీలో ఉంటే చదవడం వేగమవుతుంది. పాత వెర్షన్ ఫైళ్లను కొత్త వెర్షన్‌లో సేవ్ చేయకపోతే తెరిచినప్పుడల్లా మార్పిడి జరుగుతూనే ఉంటుంది.