అవ్వ మిద్దె మీద చుక్క

డిసెంబర్ మూడో వారం దాటిందంటే కర్నూలు, నంద్యాల, కడప బస్టాండ్లలో చంటిపిల్లల గోల మొదలవుతుంది. బెంగళూరు బస్సు దిగే తల్లి చంకలో ఒకరు, వేలు పట్టుకొని ఇంకొకరు. తండ్రి చేతిలో బట్టల సంచి, దానిమీద నలిగిపోకుండా పట్టుకున్న కేకు డబ్బా. అక్కడి నుంచి పల్లెకు ఆటోనో, దొరికితే పల్లెవెలుగు బస్సో. ఊరి మొగదల దిగగానే పిల్లల కళ్లు వెదికేది ఒక్కదాన్నే. మిద్దె మీద వెదురు కర్రకు కట్టిన కాగితపు చుక్క కనిపించిందంటే అది అవ్వ ఇల్లే.

ఆ చుక్క కోసం తాత పది రోజుల ముందే వెదురు బద్దలు చీల్చి పెట్టుకుంటాడు. రంగు కాగితాలు, మైదా జిగురు, పురికొస ఉంటే చాలు. ఒకప్పుడు లోపల కొవ్వొత్తి పెట్టేవారు. గాలి తోలిందంటే చుక్క కాస్తా మంట అయ్యేది. ఇప్పుడు చిన్న కరెంటు బల్బు వచ్చింది. బజారులో రెడీమేడ్ స్టార్లు దొరుకుతున్నా తాత కట్టిన చుక్కకున్న గౌరవం వాటికి లేదు. మనవడు కాగితం అంటించాడంటే అది కాస్త వంకరగా ఉన్నా సరే, ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు.

ఈ జిల్లాల్లో క్రిస్మస్ నిన్నా మొన్నా వచ్చిన పండుగ కాదు. లండన్ మిషనరీ సొసైటీ 1822లోనే కడపలో పని మొదలుపెట్టింది. నంద్యాల వైపు ముత్యాలపాడు మిషన్ 1850ల నాటిది. 1876–78 నాటి ధాత కరువులో తిండి లేక జనం పిట్టల్లా రాలిపోయిన తర్వాత, అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం ప్రాంతాల్లో మాల, మాదిగ కుటుంబాలు వందల సంఖ్యలో బాప్టిజం తీసుకున్నాయి. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల కోల్స్ బడి, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి ఆ రోజుల తాలూకు గుర్తులే. అంటే నేటి తాతకు ముత్తాత కూడా తన అవ్వ ఇంట్లో ఈ పండుగ చేసుకొని ఉండవచ్చు.

పండుగ పని అంతా అవ్వదే. గోడలకు సున్నం, అరుగుకు ఎర్రమన్ను, ఆపైన పిండివంటలు. కజ్జికాయలు, నిప్పట్లు, అత్తిరాసాలు డబ్బాలకు ఎత్తిపెట్టి, తాళం తన కొంగుకే కట్టుకుంటుంది. పండుగనాడు అలసంద వడలు, నాటుకోడి పులుసు, సంగటి. పట్నం పిల్లలు సంగటి ముద్దను చూసి ముఖం చిట్లిస్తారు. అవ్వ వేలెడంత ముద్ద చేసి, పులుసులో ముంచి, "పిచ్చుక ముద్ద ఇది, నువ్వు తినకుంటే పిచ్చుక తింటాది" అంటే నోరు తెరుచుకుంటుంది. కేకు మాత్రం తాతకు ఎక్కదు. ఒక ముక్క నోట్లో వేసుకొని "మెత్తగా ఉంది" అని ఊరుకుంటాడు.

రాత్రిళ్లు క్యారల్స్ వాళ్లు డప్పు, కంజీర, తాళాలతో వాకిట్లోకి వస్తారు. వారి వెంట ఎర్ర అంగీ, దూది గడ్డం పెట్టుకున్న క్రిస్మస్ తాత. పట్నంలో బొమ్మల్లో చూసి ముచ్చటపడ్డ పిల్లలు, ఆ ముసుగు మనిషి దగ్గరికి రాగానే కెవ్వుమని సొంత తాత మెడకు చుట్టుకుంటారు. రెండు మూడేళ్ల పిల్లలను బలవంతంగా ఆయన చంకకు ఎక్కించి ఫోటో తీయడం ఎందుకో తెలియదు. దూరం నుంచి బొరుగుల ఉండ ఇప్పిస్తే సరిపోదా!

చర్చిలో పిల్లల నాటకానికి గొల్లల వేషం ఉంటుంది. పట్నం చర్చిలో దీనికి అద్దె బట్టలు తేవాలి. ఇక్కడ ఆ పని లేదు. తాత భుజం మీది కంబళి, చేతికర్ర ఇస్తే గొల్ల తయారు. కొన్ని ఊళ్లలో గొర్రెపిల్ల కూడా నిజమైనదే వస్తుంది, నాటకం మధ్యలో అరుస్తుంది. ఇంగ్లీషు బడిలో చదివే పిల్లలకు తెలుగు వాక్యం చదవడం రాదు. అందుకే పడుకునేముందు అవ్వ ఒక్కొక్క మాటే చెప్పి కంఠతా పట్టిస్తుంది. చాలామంది అవ్వలకూ అక్షరం రాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు మాత్రం పుస్తకం చూడకుండా చరణాలకు చరణాలు పాడేస్తారు. వాళ్లకు అవి తమ అవ్వల నోటి నుంచి వచ్చినవి.

పిల్లలు అయిదేళ్ల లోపు వారైతే అవ్వ ఇంట్లో కొన్ని జాగ్రత్తలు తప్పవు. మట్టి మిద్దెలకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. చుక్క కట్టడానికి వేసిన నిచ్చెన అలాగే వదిలేస్తే నడక వచ్చిన పిల్లవాడు దాన్నే ఎక్కుతాడు. పని కాగానే నిచ్చెన పడుకోబెట్టాలి. వాకిట్లో నీళ్ల తొట్టి, మూత లేని సంపు ఇంకో ప్రమాదం. చంటిబిడ్డ మునగడానికి జానెడు నీళ్లు చాలు. పత్తికి, కందికి కొట్టగా మిగిలిన పురుగు మందు డబ్బాలు మంచం కింద పెట్టే అలవాటు ఇంకా పోలేదు. పిల్లలు వచ్చే ముందే వాటిని కొట్టంలో పైన పెట్టి తాళం వేయాలి.

అన్నిటికంటే మరిచిపోయేది బుడ్డల సంగతి. ఈ సీమలో వేరుశనగ లేని ఇల్లు లేదు. మనవడు రాగానే అవ్వ చేసే మొదటి పని గుప్పెడు వేయించిన బుడ్డలు జేబులో పోయడం. నాలుగైదేళ్లలోపు పిల్లలు పరుగెడుతూ, నవ్వుతూ నమిలితే గింజ గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పొడి కొట్టి, బెల్లంతో మెత్తగా దంచి పెడితే అదే రుచి, భయమూ లేదు. "మా కాలంలో అందరం తినే పెరిగినాం" అని అవ్వ అంటుంది. కోడలు చెబితే గొడవ అవుతుంది. కొడుకు చెబితే కాస్త వింటుంది.

ఇక ఎవరి అవ్వ ఇంటికి వెళ్లాలన్న పేచీ ఏటా ఉన్నదే. అమ్మమ్మ ఊరు ఒక దిక్కు, నాయనమ్మ ఊరు ఇంకో దిక్కు. మిషనరీ బడుల్లో చదివే పిల్లలకు వారం వరకు సెలవులు దొరుకుతాయి. మిగతా బడుల వారికి పెద్ద సెలవులు సంక్రాంతికే. క్రిస్మస్‌కు ఒకటి రెండు రోజులతో సరి. ఆ రెండు రోజుల్లో రెండు ఊళ్లు తిరిగి, రాత్రంతా ఆరాధనలో కూర్చుని, మళ్లీ బస్సెక్కితే చంటిబిడ్డకు మిగిలేది జ్వరమే. ఒక ఏడు ఒక ఇల్లు, మరుసటి ఏడు ఇంకో ఇల్లు అని ముందే చెప్పేసుకున్న కుటుంబాలు హాయిగా ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగు గంటల ఆరాధనకు పసిపిల్లను చలిలో మోసుకుపోనక్కరలేదు. ఇంట్లో ఒకరు ఉండి, ఎండెక్కాక జరిగే ఆరాధనకు వెళితే దేవుడు ఏమీ అనుకోడు.

అన్ని ఇళ్లలో పిల్లలు బస్సు దిగి రారు. కొన్ని ఇళ్లలో ఏడాది పొడుగునా అవ్వ దగ్గరే ఉంటారు. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు పల్లెల్లో వాన ముఖం చాటేస్తే దసరా దాటగానే ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు దిక్కు బండ్లు కదులుతాయి. బడి పోకూడదని పిల్లలను అవ్వాతాతల దగ్గర వదులుతారు. ఇలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టినా, మరీ చిన్నవాళ్లకు అవ్వ ఒడే హాస్టలు. క్రిస్మస్‌కు ఒక్క పూట కోసమైనా తల్లిదండ్రులు రాత్రికి రాత్రి జీపుల్లో వచ్చి, పండుగ మరునాడే తిరుగుముఖం పడతారు. రావాలంటే కూలి పోతుంది, చార్జీలు అవుతాయి. రాకుంటే పిల్ల వాకిట్లోనే కూర్చుంటుంది. ఆ లెక్క తేల్చుకోలేక ఎంతమంది తల్లులు డిసెంబర్ నెలంతా నలిగిపోతారో!

పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి ప్రాంతాల సంగతి ఇంకో రకం. అక్కడ తల్లి కువైట్‌లో ఉంటుంది. ఇంటి పనికి వెళ్లినవారు రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వస్తారు. కువైట్‌లో క్రిస్మస్ సెలవు దినం కాదు. యజమాని పంపితే కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజిలికల్ చర్చి ఆవరణలో జరిగే తెలుగు ఆరాధనకు వెళ్లవచ్చు. పంపకుంటే ఆ రోజూ అంట్లు తోమడమే. మన టైముకు అక్కడి టైము రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ తెల్లవారి ఆరింటికి ఆరాధన ముగించి కొత్త గౌను వేసుకున్న పిల్ల ఫోన్ పట్టుకొని కూర్చుంటే, అక్కడ ఇంకా మూడున్నర. "మీ అమ్మ పండుకొని ఉంటాది, పొద్దెక్కనీ" అని అవ్వ ఆపుతుంది. పొద్దెక్కితే అమ్మకు పని. చివరికి మాట కుదిరేది రాత్రి ఎప్పుడో.

ఏడాది పిల్లప్పుడు వదిలి వెళ్లిన తల్లి మూడేళ్లకు తిరిగి వస్తే, బిడ్డ ఆమెను చూసి అవ్వ చీర కుచ్చిళ్ల వెనక దాక్కోవడం ఆ పల్లెల్లో కొత్త కాదు. అవ్వను "అమ్మా" అని పిలిచే పిల్లలూ ఉన్నారు. అందుకే తెలివైన అవ్వలు రోజూ ఫోటో చూపి "మీ యమ్మ ఈమె, నేను మీ యమ్మకు అమ్మను" అని వల్లె వేయిస్తుంటారు. అలా చెప్పడం ఆమెకూ తేలిక కాదు. పెంచిన బిడ్డ చేత అమ్మ అనిపించుకోకుండా ఆపడమంటే మాటలా! పైగా అరవై దాటిన ఒళ్లు, మోకాళ్ల నొప్పులు, నీళ్ల బిందె మోయాల్సిందే, సంగటి కెలకాల్సిందే.

పండుగ మరునాడు పొద్దున తాత తోటలో కోసుకొచ్చిన కందికాయలు, అనపకాయలు ఉప్పేసి ఉడకబెడతారు. కల్లంలో పిల్లలు వాటిని ఒలుచుకుంటూ ఉంటే పెద్దలు సంచులు సర్దుతారు. అవ్వ కొంగు ముడి విప్పి తాళం తీసి, కజ్జికాయల డబ్బా మూడు వంతులు సంచిలోకి వంచేస్తుంది. ఒక వంతు తాతకని ఉంచుతుంది. తాత వాటిని తినడు, మనవడు మళ్లీ వస్తాడేమోనని దాస్తాడు. బస్సు కదిలాక ఇంటికి వచ్చిన తాతను ఎవరైనా "చుక్క దించేదా?" అని అడిగితే, "కొత్త సంవత్సరం దాకా ఉండనీ" అంటాడు.