మనది 'దొందూ దొందే'... వాళ్లది తెల్లటోపీ!

ఫ్రెంచివాళ్లింటికి భోజనానికి వెళ్లారు. తిన్నాక 'టీ తాగుతారా, కాఫీనా?' అని అడిగారు. మీకేమో ఏదైనా ఒకటే. ఆ సంగతి చెప్పడమెలా?

'సా మెతెగాల్' అంటే చాలు... నాకు రెండూ సమానమే అని. ఇంకాస్త మర్యాదగా అయితే 'కొమ్ వూ వూలే' అనాలి, అంటే 'మీ ఇష్టం'. పొరపాటున 'జ మాఁ ఫీష్' అన్నారో, 'ఏదైతే నాకేంటి' అని విసుక్కున్నట్టే!

రైల్లో వెళ్దామా, కార్లోనా అన్న చర్చ వస్తే 'దఁ కోతే... ద లోత్ర్' అంటూ మొదలుపెట్టండి. ఒకవైపు... మరోవైపు అన్నమాట. పరిస్థితిని బట్టి చూద్దామంటే 'సా దెపాఁ'. రెండూ ఒకదానికొకటి తీసిపోవంటే 'లే దో స వాల్'. స్నేహితుల మధ్యయితే 'కిఫ్ కిఫ్' అంటే సరి. 'రెండూ ఒకటే' అనే ఈ మాట అరబ్బీ నుంచి వచ్చింది.

'బొనే బ్లాఁ, బ్లాఁ బొనే'తో మాత్రం జాగ్రత్త! తెల్లటోపీ అన్నా, టోపీ తెల్లదన్నా ఒకటేనని భావం. 1969 అధ్యక్ష ఎన్నికల్లో రెండో రౌండుకు మిగిలిన పాంపిడూ, పోయెర్‌లను కమ్యూనిస్టు నేత జాక్ డ్యూక్లో ఈ మాటతోనే ఎద్దేవా చేశారు. అచ్చం మన 'దొందూ దొందే'!

అందుకే, ఆవిడ వండిన రెండు కూరల్లో ఏది బాగుందని అడిగితే టోపీల జోలికి పోకండి. 'లే దో స వాల్' అనేసి, రెండూ మరికాస్త వడ్డించుకోండి!