జుట్టు నెరిసినా... బాణీ నెరవలేదు!

"ఇక ఆయన పనైపోయిందండీ!" సంగీత దర్శకుడి జుట్టు నెరిస్తే చాలు, పరిశ్రమలో వినబడే మాటిది. మరి కీరవాణి సంగతేమిటి?

1990లో 'మనసు మమత'తో పరిచయమైన ఆయన, అరవై యేళ్ల వయసులో 'నాటు నాటు' అందించారు. 'ఆర్ఆర్ఆర్' విడుదలకు నాలుగు నెలల ముందే, 2021 నవంబరులో, పాట విడిగా వచ్చి కుర్రకారును ఊపేసింది. 2023లో ఆస్కార్ కూడా పట్టుకొచ్చింది!

ఎన్టీఆర్, రామ్‌చరణ్‌ల స్టెప్పుల పుణ్యమేనంటారా? కొంత నిజమే! కానీ ఆ స్టెప్పులకు ఊపునిచ్చింది బాణీయే కదా! పాడింది మాత్రం కుర్రాళ్లు: రాహుల్ సిప్లిగంజ్, కీరవాణిగారబ్బాయి కాలభైరవ. కిటుకు అక్కడే ఉంది. బాణీ పెద్దాయనది, గొంతులు పిల్లలవి!

కుర్రాళ్లతో కలిసి అడుగేసే పెద్దల పాటలు ఇవాళా హిట్టవుతాయి. మా కాలమే గొప్పదని భీష్మించుకు కూర్చునేవారి సంగతే అనుమానం. ఏమంటారు?