కలికిరిలో నీడ దక్షిణానికి ఎందుకు పడింది?

కలికిరి పాఠకుడొకరు అడిగారు: "యోగా దినం నాడు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడని మైకులో చెప్పారు. మధ్యాహ్నం చూసుకుంటే నా నీడ దక్షిణం వైపు పడి ఉంది. తప్పెవరిది?"

మైకుదే. నీడ అబద్ధం చెప్పదు.

భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉండడం వల్ల సూర్యుడు ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి జరుగుతున్నట్టు కనిపిస్తాడు. జూన్ 21న ఉత్తరపు కొసకు, అంటే కర్కాటక రేఖ మీదికి చేరతాడు. కలికిరిలో ఆనాటి పగలు దాదాపు 12 గంటల 56 నిమిషాలు. ఐక్యరాజ్య సమితి 2014లో ఆ తేదీనే యోగా దినంగా ఎంచుకుంది. ఇదంతా బడి పాఠమే.

అసలు విశేషం నీడలో ఉంది. కర్కాటక రేఖ తెలుగు నేల మీదుగా పోదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా పోతుంది. కలికిరి ఉన్నది 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళిపోయేది ఏప్రిల్ 26 ప్రాంతంలో. మళ్ళీ నెత్తి మీదికి వచ్చేది ఆగస్టు 16 ప్రాంతంలో. నీడ కాళ్ళ కిందే మాయమయ్యేది ఆ రెండు రోజుల్లోనే. నడుమ మూడున్నర నెలలూ మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికే. జూన్ 21న మీటరు కర్ర నీడ 17 సెంటీమీటర్లు. డిసెంబరులో అదే కర్రకు 75 సెంటీమీటర్ల నీడ, అదీ ఉత్తరానికి.

ఇంకా సొగసైన సంగతి ఒకటుంది. ఆ రోజు సూర్యుడు తూర్పుకు 24 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు, ఉత్తరం మీదుగానే నడుస్తాడు, పడమటికి 24 డిగ్రీలు ఉత్తరంగా కుంకుతాడు. పగలంతా దక్షిణాకాశంలో అడుగే పెట్టడు! సరిగ్గా తూర్పుకు తిరిగి సూర్య నమస్కారాలు చేసినవాళ్ళకు ఎండ ఎడమ చెంప మీద పడింది అందుకే. ఢిల్లీలో ఇలా జరగదు. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే. పాఠ్యపుస్తకాల బొమ్మలన్నీ ఢిల్లీ వాళ్ళ కోసం గీసినట్టుంటాయి.

మైకు ఇంకో మాట కూడా అని ఉంటుంది: దక్షిణాయనం మొదలైందని. ఆకాశం లెక్కలో నిజమే. పంచాంగంలో మాత్రం దక్షిణాయనం జూలై 16 ప్రాంతంలో, కర్కాటక సంక్రమణంతో వస్తుంది. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున పడేవి. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకుంటుంది, దాదాపు 72 ఏళ్ళకొక డిగ్రీ. ఇప్పటికి 24 డిగ్రీల తేడా పేరుకుంది. పంచాంగం నక్షత్రాలను పట్టుకుంది, నీడ సూర్యుణ్ణి పట్టుకుంది. మన సిద్ధాంతకర్తలు పన్నెండంగుళాల శంకువు పాతి నీడ కొలిచినవాళ్ళే. కొలవడం మానేసింది మనం.

2025 యోగా దినాన విశాఖ తీరంలో ప్రధాని సమక్షంలో లక్షల మంది ఉదయం ఆరున్నరకు ఆసనాలు మొదలుపెట్టారు. సూర్యుడు ఉత్తరపు కొసను తాకిన క్షణం 8 గంటల 12 నిమిషాలు. అప్పటికి సాధన ముగిసింది! పట్టింపేమీ లేదు లెండి. కొసకు చేరిన ఊయలలా సూర్యుడు ఆ రోజుల్లో ఇంచుమించు నిలిచిపోతాడు. ముందు అయిదు రోజులు, వెనక అయిదు రోజులు మీటరు కర్ర నీడలో తేడా రెండు మిల్లీమీటర్లకు మించదు. మార్చిలో అయితే రోజుకే ఏడెనిమిది మిల్లీమీటర్లు మారుతుంది.

ఉపయోగమా? వాస్తు పేరుతో ఉత్తరం ఖాళీగా వదిలి, పెద్ద కిటికీలు పెట్టి, ముదురు వేసవిలో ఎండ లోపలికి కొడుతోందని వాపోయేవాళ్ళు ఈ లెక్క ముందే చూసుకోవాల్సింది.

కలికిరి సైనిక్ స్కూలు పిల్లలకూ, కుప్పం పిల్లలకూ ఒక మనవి. కుప్పం కలికిరికి దక్షిణంగా 97 కిలోమీటర్లు దిగువన ఉంది. జూన్ 21న రెండు చోట్లా మూడు మీటర్ల గుంజ నిలువుగా పాతండి. కొసన చిల్లు పొడిచిన రేకు బిగిస్తే వెలుగు చుక్క స్పష్టంగా పడుతుంది. మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాల ప్రాంతంలో, నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. కుప్పం నీడ అయిదు సెంటీమీటర్లు ఎక్కువ రావాలి. రెండు చోట్లా సూర్యకిరణం గుంజతో చేసే కోణాల తేడా డిగ్రీకి కాస్త తక్కువ. 360ని ఆ తేడాతో భాగించి 97తో గుణిస్తే భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్ల చుట్టుపక్కల తేలుతుంది. జూన్ 21న మబ్బు పడితే మర్నాడు కొలవండి. లెక్కలు మాకు రాసి పంపండి.